తగ్గించిన అన్నం చోట ఏం పెట్టాం?

కంకిపాడు సెంటర్లో పొద్దున్నే బెజవాడ బస్సు ఎక్కేవాళ్ల చేతుల్లో క్యారేజీలు చూస్తే ఎవరు ఏ పనికి వెళ్తున్నారో చెప్పేయొచ్చు. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ అయితే ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డుకి. రంగు బ్యాగులో చిన్న ప్లాస్టిక్ డబ్బా అయితే బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టుకో, బెంజిసర్కిల్ దగ్గర ఏదో ఆఫీసుకో. ఏళ్ల తరబడి అదే బస్సులో తిరుగుతున్నాను కనుక మూతల కింద ఏముంటుందో కూడా తెలుసు. పెద్ద క్యారేజీలో రెండు గిన్నెలు అన్నమే. ఒకదాంట్లో పప్పో పులుసో, ఇంకోదాంట్లో వేపుడు. చిన్న డబ్బాలోనూ సరిగ్గా అవే, కాకపోతే నాలుగో వంతు.

నాది చిన్న డబ్బా. లెక్కలు రాసుకునే ఉద్యోగం. ఓ రోజు పక్క సీట్లో కూర్చున్న వెల్డింగ్ అబ్బాయి నవ్వుతూ అడిగాడు: "ఏంటి గురువుగారూ, మీ డబ్బా మా పాప బడికి పట్టుకెళ్లే దానికన్నా చిన్నదైపోయింది?"

"షుగరు అంచుల్లో ఉందన్నారయ్యా. అన్నం తగ్గించమన్నారు."

"సరే, తగ్గించినదాని బదులు ఏం పెట్టుకుంటున్నారు?"

చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కొంచెం క్యాబేజీ వేపుడు ఎక్కువ పెట్టుకుంటున్నాను, అంతే.

కష్టం చేసేవాడికి ప్రొటీన్ కావాలి, సీటులో కూర్చునేవాడికి ఎందుకు అని మనందరి లోపలా ఒక నమ్మకం ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలు చూస్తే సంగతి ఇంకోలా కనిపిస్తుంది. ఆ సంస్థ మొదట 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకని ఒక్క గదిలో పుట్టింది. బెరిబెరి అంటే బాగా పాలిష్ పట్టిన బియ్యం తినేవాళ్లకి వచ్చే జబ్బు. అంటే దాని పుట్టుకే మనలాంటి అన్నం మనుషుల కోసం అనుకోవచ్చు. 1958లో హైదరాబాద్ చేరింది. 2020లో భారత వైద్య పరిశోధన మండలితో కలిసి అది ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఒంటి బరువు కిలోకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 65 కిలోల మగవాడికి రోజుకి 54 గ్రాములు, 55 కిలోల ఆడమనిషికి 46 గ్రాములు. కూర్చుని పనిచేసే మగవాడికి 2,110 కేలరీలు చాలు, బరువు పని చేసేవాడికి 3,470 కావాలి. ప్రొటీన్ మాత్రం ఇద్దరికీ అదే 54 గ్రాములు.

ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా వంటింటి పనే. వెల్డింగ్ అబ్బాయి నాకన్నా 1,360 కేలరీలు ఎక్కువ తింటాడు. ఆ ఎక్కువ తిండితోపాటే ప్రొటీన్ కూడా నడిచొస్తుంది. నేను అంతకన్నా చాలా తక్కువ తిండిలోనే అతనంత ప్రొటీన్ పట్టించుకోవాలి. కాబట్టి జాగ్రత్త పడాల్సింది చిన్న డబ్బావాళ్లం.

మా నాన్న వ్యవసాయం చేసినన్నాళ్లూ రోజుకి 600 గ్రాముల బియ్యానికి తక్కువ తినలేదు. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం పొలానికి క్యారేజీ, రాత్రి మళ్లీ అన్నం. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంటే ఆయనకి బియ్యంలోంచే 48 గ్రాములు అందేవి. ఇంత పప్పు, ఇంత పెరుగు తగిలితే లెక్క నిండిపోయేది. నేను 250 గ్రాములకి దిగాను. నా వాటా 20 గ్రాములు. పోయిన 28 గ్రాముల చోట క్యాబేజీ కూర్చుంది. అన్నం తగ్గించడం తప్పు కాదు, మంచిపనే. కానీ మన ఇళ్లలో అన్నం పిండిపదార్థం ఒక్కటే కాదు, ప్రొటీన్‌లో పెద్ద భాగం కూడా అదే మోసేది. ఆ సంగతి మనకెవరూ చెప్పలేదు.

సీటు ఉద్యోగం చేసేవాడి మామూలు రోజు ఒకటి వేసి చూద్దాం. హోటల్లో మూడు ఇడ్లీలు చట్నీతో 6 గ్రాములు. టీలూ బిస్కెట్లూ 3. మధ్యాహ్నం డబ్బాలో 120 గ్రాముల బియ్యపు అన్నం 9 లేదా 10, పలచటి పప్పు 3, పెరుగు 3. సాయంత్రం పునుగులు 3. రాత్రి మళ్లీ అన్నం, చారు, కూర, మజ్జిగ కలిపి 12. మొత్తం 40 దగ్గర ఆగిపోతుంది. కావాల్సింది 54. తక్కువ పడేది 14 గ్రాములు, అంటే రెండు కోడిగుడ్లంత. లేదంటే 60 గ్రాముల కందిపప్పంత. ఇది ప్రొటీన్ పొడి డబ్బా కొనాల్సిన కొరత కాదు, ఓ గుప్పెడు గింజల కొరత. చాలామందికి ఈ మాట చెబితే నమ్మరు, ఇంత చిన్నదా అంటారు. కానీ రోజూ 14 గ్రాములు తగ్గుతూ పోతే అది చిన్నది కాదు.

ఆదివారం కోడి తింటున్నాం కదా అనే జవాబు నాకూ ఉండేది. కొవ్వుని దాచుకున్నట్టు ప్రొటీన్‌ని దాచుకునే గది ఒంట్లో లేదు. ఆదివారం అరకేజీ లాగించినా బుధవారానికి మిగలదు. పైగా మన ఇళ్లలో వారమంతా ఏదో ఒక దేవుడి వారమే. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం బాబా, శనివారం వెంకన్న. కార్తీకమాసం వస్తే నెలంతా మూత. గుడ్ల ఉత్పత్తిలోనూ చేపల ఉత్పత్తిలోనూ దేశంలో మొదటి స్థానం మన రాష్ట్రానిదే, అయినా వారంలో మూడు రోజులకి మించి అవి మన కంచంలోకి రావు. భక్తిని నేను తప్పుపట్టను. ఆ మిగతా నాలుగు రోజులకి గింజలతో ఏర్పాటు చేసుకోవాలంటున్నాను.

బళ్లో మనం చదువుకున్న 'మాంసకృత్తులు' అన్న మాట కూడా కొంత చెరుపు చేసిందని నా అనుమానం. మాంసం అన్న ముక్క అందులో ఉండేసరికి శాకాహారులు అది తమది కాదనుకున్నారు, మాంసాహారులు ఆదివారంతో తీరిపోయిందనుకున్నారు. నిజానికి 100 గ్రాముల మినప్పప్పులో 23 గ్రాములు, పెసల్లో 22 నుంచి 23, కందిపప్పులో 21కి పైన, ఉలవల్లోనూ అంతే, వేరుశనగపప్పులో 23 పైచిలుకు ఉంటాయి. పచ్చి కోడిమాంసంలో కూడా 20, 22 మధ్యే. అన్నట్టు గింజలు ఎండినవి, మాంసం నీళ్లతో ఉన్నది. వండాక పప్పు ఉబ్బి పలచబడుతుంది. అంచేత పోలిక పప్పు డబ్బా దగ్గర వేసుకోవాలి, కంచం దగ్గర కాదు.

పని అసలు రాత్రి పదింటికి మొదలవ్వాలి. పొద్దున్న ఆరున్నరకి ఇల్లు వదిలేవాళ్లు పొద్దున్న ఏం చేయగలరు? రాత్రి పడుకోబోయే ముందు ఓ గిన్నెలో ఏదో ఒక గింజ నానబెట్టడం, అంతే. మా ఇంట్లో ఆ డ్యూటీ నాది, మా ఆవిడ ఇచ్చింది. పెసలైతే పొద్దున్నే పెసరట్టు. దీనికి పిండి పులవక్కర్లేదు, ఉద్యోగస్తుల ఇంటికి ఇంతకన్నా కలిసొచ్చే టిఫిన్ లేదు. నానిన పెసలు, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి రుబ్బి పెనం మీద పోయడమే. రెండు అట్లకి 80 గ్రాముల పెసలు పడతాయి, అంటే 18 గ్రాముల ప్రొటీన్. ఇడ్లీల రోజు ఆరుతో మొదలయ్యే లెక్క ఈ రోజు పద్దెనిమిదితో మొదలవుతుంది. పైన చెప్పిన కొరత టిఫిన్ దగ్గరే చాలావరకు తీరిపోయింది చూడండి. ఉప్మా పెసరట్టు మన ఊళ్ల ముద్దు; దాన్ని కాదనను, కానీ ఉప్మా బదులు ఉల్లిపాయలు చల్లుకుంటే ఇంకో అట్టుకి చోటుంటుంది.

ఇడ్లీ తప్పని ఇళ్లలో పాళ్లు మార్చండి. ఒక గ్లాసు మినప్పప్పుకి మూడు గ్లాసుల రవ్వ పోసే చోట రెండే పోయండి. మినపరొట్టి మరీ మంచిది. హోటల్లో తినాల్సొస్తే పూరీ వదిలేసి పెసరట్టు చెప్పండి, ఇడ్లీ అయితే పల్లీ చట్నీ ఇంకోసారి వేయించుకోండి. మొహమాటం అక్కర్లేదు, మన వైపు చట్నీ అడిగితే కాదన్న హోటలు నేనింతవరకు చూడలేదు.

మినుములూ పెసలూ మనకి ఎక్కడినుంచో రానక్కర్లేదు. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, నిలబడ్డ చేలోనే విత్తనం చల్లేస్తారు. కోశాక నీళ్లు పెట్టకుండా నేల తేమకీ మంచుకీ పెరిగి, రెండున్నర నెలల్లో చేతికొచ్చే మాగాణి పంట అది. ఘంటసాల పరిశోధన స్థానం వాళ్లు పనిచేసేది ఎక్కువగా ఇలాంటి అపరాల మీదే. కోత మిషన్లు వచ్చాక తడి నేల అణిగిపోయి, మొలక చక్రాల కింద నలిగి, ఈ పంట కొంత వెనకబడింది కూడా. అయినా ఫిబ్రవరి, మార్చిలో ఉయ్యూరు వైపు వెళ్తే కొత్త మినుములు కళ్లంలోనే దొరుకుతాయి. ఓ పాతిక కేజీలు తెచ్చి బాగా ఎండబెట్టి, వేపాకు వేసి డబ్బాలో పోసుకుంటే ఏడాది గడుస్తుంది. కొట్లో కొనేదానికీ దీనికీ వాసనలోనే తేడా తెలుస్తుంది.

ఇక డబ్బా. మన ఇళ్లలో నలుగురికి పప్పు వండమంటే ఓ చిన్న టీ గ్లాసుడు కందిపప్పు పోస్తారు, సుమారు 100 గ్రాములు. నాలుగు టమోటాలో, ఓ దోసకాయో వేసి, నీళ్లు పోసి గరిటె జారుగా చేస్తారు. తలకి పడేది 25 గ్రాముల పప్పు, 5 గ్రాముల ప్రొటీన్. దాన్ని రెండు గ్లాసులు చేయండి, ముద్దగా దించండి. డబ్బాలో అన్నం మూడు ముద్దలు తీసేసి ఆ చోట పప్పు పెట్టండి. బియ్యంలో లైసిన్ అనే సరుకు తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది. మూడు పాళ్లు బియ్యానికి ఒక పాలు పప్పు, రెండూ పచ్చివే తూచి, కలిస్తే ఆ ప్రొటీన్ ఒంటికి బాగా పడుతుందని పోషకాహార సంస్థ మాట. మన ముద్దపప్పన్నం అదే కదా. సాంబారు, పప్పుచారు ఆ లెక్కలోకి రావు, అవి వాసనకి.

మే నెలలో ఇదంతా చెప్పినంత తేలిక కాదు. పొద్దున్న వండిన పప్పు ఆటోనగర్ రేకుల షెడ్డులో ఒంటిగంటకల్లా పాసిపోతుంది. ఎండాకాలం నా డబ్బాలో కందిపొడి ఉంటుంది. కందిపప్పు, శనగపప్పు, పెసరపప్పు దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి వేసి కొట్టినది. రెండు పెద్ద చెంచాలు అన్నంలో కలిపితే నాలుగైదు గ్రాములు. పాడయ్యే గొడవ లేదు. గుడ్డు పట్టుకెళ్లేవాళ్లు పెంకు తీయకుండా పట్టుకెళ్లండి, పొద్దున ఉడికించింది మధ్యాహ్నానికే తినేయండి. ఒక గుడ్డులో ఆరున్నర గ్రాములు. పచ్చసొన పారేసేవాళ్లు అందులో దాదాపు సగం పారేస్తున్నట్టే. పచ్చిగుడ్డు తాగితే బలం అన్నది వట్టి మాట, ఉడికిందే ఒంటికి ఎక్కువ అందుతుంది.

దేవుడి వారాలకి మీల్‌మేకర్ ఉంది. కొంతమంది దాన్ని చూసి మొహం తిప్పుకుంటారు, నేనూ తిప్పుకున్నాను. ఉప్పు నీళ్లలో ఉడికించి, రెండుసార్లు గట్టిగా పిండి, ఆ తర్వాత మసాలా కూరలో వేస్తే ఆ పచ్చి వాసన పోతుంది. 30 గ్రాముల ఎండు మీల్‌మేకర్లో 15 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. తెలగపిండి కూడా మర్చిపోతున్నాం. నువ్వుల నూనె ఆడాక మిగిలిన ఆ పిండితో మునగాకు కలిపి బాలింతలకి కూర చేసిపెట్టేవాళ్లు పాతకాలం వాళ్లు. నూనె పోయాక మిగిలేదాంట్లో ప్రొటీన్ ఎక్కువే కదా, వాళ్లకి పేరు తెలియకపోయినా పని తెలుసు.

సాయంత్రం నాలుగింటికి ఆఫీసు కింద బండి దగ్గర పునుగులు, బజ్జీలు. అక్కడే శనగల గుగ్గిళ్లో, వేయించిన పల్లీలో అమ్ముతారు. గుప్పెడు పల్లీలు 6 గ్రాములు. నూనె ఉన్న గింజ కనుక గుప్పెడుతో ఆగాలి.

ఇక ప్రొటీన్ పొడి డబ్బా సంగతి. మా ఆఫీసులో జిమ్‌కి వెళ్లే కుర్రాడు ఒకడు నెలకో డబ్బా కొంటాడు. సరుకు ఏదైనా కేజీ ధర చూడకండి, పది గ్రాముల ప్రొటీన్ ఎంతకి పడుతోందో చూడండి, ఇదీ నేను వాడికి చెప్పిన లెక్క. కందిపప్పు కేజీ 130 రూపాయలు అనుకుందాం. అందులో 217 గ్రాముల ప్రొటీన్, పది గ్రాములకి 6 రూపాయలు. పల్లీ కేజీ 150 అయితే అదీ 6 పైచిలుకు. మీల్‌మేకర్ 140 అయితే 3 రూపాయల లోపే. గుడ్డు 7 రూపాయలైతే 11. స్కిన్‌లెస్ కోడి 260 అయితే, ఎముకలు పోను, 18 దాకా. గేదెపాలు లీటరు 80 అయితే 21. పొడి డబ్బా కేజీ 2,800, అందులో నూటికి 75 గ్రాముల ప్రొటీన్ అని రాసి ఉంటే, 37 రూపాయలు. ధరలు మీ కొట్లో అటూఇటూ ఉంటాయి, వరస మాత్రం పెద్దగా మారదు. పాలు విరిగినప్పుడు మిగిలే తేటలోంచి తీసిందే ఆ పొడి, విషమేమీ కాదు. కానీ కండల కోసం ఇలాంటి పొడుల జోలికి పోవద్దని 2024 మేలో వచ్చిన పోషకాహార సంస్థ మార్గదర్శకాల్లో చెప్పారు. 'ప్రొటీన్' అని పెద్ద అక్షరాలతో ఉన్న బిస్కెట్ ప్యాకెట్టు వెనక్కి తిప్పి 100 గ్రాములకి ఎంత, చక్కెర ఎంత అని చూడండి. చాలాసార్లు మళ్లీ అరలో పెట్టేస్తారు.

చేప విషయంలో మనకున్న అదృష్టం ఇంకెవరికీ లేదు. కైకలూరు చెరువుల బొచ్చె, శీలావతి వారమంతా దొరుకుతాయి, ఆదివారం ఒక్కరోజే కాదు. ఆదివారం రద్దీ వదిలేసి బుధవారం సాయంత్రం బస్సు దిగేటప్పుడు అరకేజీ తీసుకోండి. 100 గ్రాముల ముక్కకి 19 గ్రాములు. ఎండుచేప ఇంకా గట్టిది, కాకపోతే బీపీ ఉన్నవాళ్లు ఆ ఉప్పుని చూసుకోవాలి.

ఇక్కడో మాట ఆడవాళ్ల కోసం, అంతకన్నా మగవాళ్ల కోసం. పులుసులో ముక్కలు మగవాళ్లకీ పిల్లలకీ పోయాక, ఆఖర్న తినేవాళ్లకి మిగిలేది పులుసే. బట్టల కొట్లో పది గంటలు నిలబడి వచ్చిన మనిషికి ఇంట్లో దొరికేది ఆ పులుసన్నం. ముక్కలు వడ్డించే ముందే లెక్కపెట్టి పక్కన తీసిపెట్టడం మా ఇంట్లో ఈమధ్యే మొదలెట్టాం. సిగ్గుపడాల్సినంత ఆలస్యంగా. గర్భిణులకైతే నాలుగో నెల నుంచి రోజుకి సుమారు 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు అదనంగా కావాలి. అంగన్వాడీలో ఇచ్చే గుడ్లూ పాలూ ఇంటిల్లిపాదికీ పంచకుండా ఆవిడే తినేలా చూడాలి.

కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు, క్రియాటినిన్ ఎక్కువ ఉందన్నవాళ్లు ఇదంతా పక్కనపెట్టి ముందు డాక్టరునే అడగండి. ఎ.కొండూరు తండాల్లోని కిడ్నీ జబ్బుల కష్టం మనకి దూరమేమీ కాదు. గ్యాసు భయం ఉన్నవాళ్లు గింజలు బాగా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఇంగువ వేసి వండండి. ఒక్కసారిగా రెట్టింపు చేయకుండా రెండు వారాల్లో మెల్లగా పెంచండి.

ఉలవచారు దగ్గర ఆగుతాను. బెజవాడ హోటళ్లు దాన్ని వెన్న వేసి గొప్పగా వడ్డిస్తాయి. మనం ఉలవల్ని గంటలకొద్దీ ఉడికించి, నీళ్లు వంచి చారు కాచుకుంటాం, ఉడికిన గింజలు పశువులకి పెడతాం. ప్రొటీన్ చాలావరకు గింజలోనే ఉండిపోతుంది. మా వీధిలో పాలు పోసే పిన్ని మా ఇంట్లో ఉలవచారు కాచిన రోజు బకెట్టుతో వస్తుంది, గేదెకి ఉలవలు పట్టుకెళ్లడానికి. మొన్న వచ్చినప్పుడు సగం గింజలు తీసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొబ్బరి వేసి తాలింపు పెట్టి నా డబ్బాలోకి సర్దుతుంటే చూసి నిలబడిపోయింది.

"అదేంటయ్యా, మా గేదె వాటా కూడా లాగేస్తున్నావు?"

"సగమే పిన్నీ."

"పాలు తగ్గితే నన్నడగొద్దు మరి," అని బకెట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది.